పట్టిక మూడు

ఆరు పేజీల వ్యాసం. చిట్టచివర
చీమ తలంత అక్షరాల్లో, కృతజ్ఞతల దగ్గర నా పేరుంది.
నాగరత్న అనబోయి నగరత్న అని పడింది.
పోనీలే, నగ అయినా రత్నమే గదా అని
క్యాంటీన్లో అందరికీ జిలేబీ పంచాను.

మంగపతి సారు నాలుగేళ్ళ కష్టం అది.
కామెర్ల వైరస్ మీద, కాలేయం మీద,
మూడువందల పద్దెనిమిది మంది మీద.
వాళ్ళ జబ్బలకు రబ్బరు పట్టీ కట్టింది నేను.
నరం దొరకని చెరుకు కోత చేతులు,
పచ్చబొట్టు కింద నరాన్ని దాచుకున్న చేతులు,
మామిడి సొన పడి మచ్చలు కట్టిన చేతులు.
మొహాలకన్నా చేతులే నాకు గుర్తు.

ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం.
సారే టీ తాగుతూ చదివి చెప్పారు.
పట్టిక ఒకటి, వయసులు. పట్టిక రెండు, ఎంజైములు.
మూడో దాని దగ్గర ఆగి
"దీన్ని తెలుగులో ఏమంటావు నాగరత్నా,
మళ్ళీ పరీక్షకు రాకుండా
వెతికినా దొరక్కుండా పోయినవాళ్ళని?"
తప్పిపోయినవాళ్ళు అన్నాను.
పదకొండు మంది.

తప్పిపోయినవాళ్ళకి కొండమీద మైకు ఉంది.
తెలుగులో పిలిచి, అరవంలో పిలిచి, కన్నడంలో, హిందీలో పిలిచి
నీలం చొక్కా పిల్లాడు ఫలానా చోట ఏడుస్తున్నాడని
పొద్దస్తమానం చెబుతూనే ఉంటుంది.
మా పట్టికకు మైకు లేదు.
గీతకు ఇటు ఒక అంకె. అటు, మూడున్నర శాతం.

ఆ మూడున్నరలో ఒకడు చెంగల్రాయుడు, పుత్తూరు.
రైల్వే గేటు దగ్గర క్షవరం చేసేవాడు.
రిపోర్టు చేతిలో పెడితే ఎవరైనా అడిగేది ఒకటే,
ఇది నాకెట్లా వచ్చిందమ్మా అని.
అతను అడగలేదు. కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి,
బ్లేడును సగానికి విరిచినట్టు వేళ్ళ మధ్య నొక్కి
"నేనెవురెవురికి ఇచ్చుంటాను మేడమ్?" అన్నాడు.
వారం తిరిగేసరికి గేటు దగ్గర కుర్చీ లేదు.
అద్దం తగిలించిన మేకు మాత్రం గోడకుంది.

ఆ ప్రశ్నను వ్యాసంలో ఎక్కడ పెట్టాలో సారుకీ తెలియలేదు.
రెండు రాత్రులు రాసి, కొట్టేసి, రాసి
చివరికి వృత్తిపరమైన సంపర్కం
అనే అర్థం వచ్చే మాట ఒకటి పెట్టారు.

ఇంకొకామె కుప్పమ్మ, పాకాల వైపు.
కామెర్లకు చేతిమీద వాత పెట్టించుకుని మరీ వచ్చింది.
వాత పక్కనే నా సూది గుచ్చాను.
"రెండు తావుల మొక్కుకుంటే ఒక దేవుడన్నా పలక్కపోతాడా" అంది.
పలికాడో లేదో చెప్పడానికి తిరిగి రాలేదు.
ఇచ్చిన ఫోను నెంబరు మేనల్లుడిది.
అతను బెంగళూరులో సిమ్ము మార్చేశాడు.

కామెర్ల కళ్ళకు లోకమంతా పచ్చన అంటారు.
ఇరవై రెండేళ్ళుగా ఆ కళ్ళలోకి టార్చి వేసి చూస్తున్నాను,
ఒక్కరూ అట్లా చెప్పలేదు.
గోడ తెల్లగానే ఉందన్నారు. నా చీర వంకాయ రంగేనన్నారు.
పచ్చగా కనబడింది వాళ్ళు. చూసింది మనం.
సామెత ఎవరు కట్టారో గాని
మంచం మీదున్నవాణ్ణి అడిగి కట్టలేదు.

ఎవరో జపాన్ డాక్టరు సారుకు ఉత్తరం రాశాడు,
మీ లెక్కలు చాలా శుభ్రంగా ఉన్నాయని.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
జనరేటరు దగ్గుతూ దగ్గుతూ లేచేదాకా
ఫ్రీజరు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను,
లోపలి చలి బయటికి రాకుండా నేనే గడియైనట్టు.
తర్వాత తెరిచి చూశాను. తెల్లటి పొగలో మూడో అర.
నూటనలభై ఏడు. రెండువందల తొమ్మిది.
పదకొండూ ఉన్నాయి.
ఒక్కొక్కరు రెండు మిల్లీలీటర్లు,
మైనస్ ఎనభైలో గడ్డకట్టి, యాడికీ పోకుండా.

చెంగల్రాయుడి అంకెలో ఏడు చెరిగిపోతోంది.
తడి తుడిచి, నల్ల పెన్నుతో
దాని మీదే మళ్ళీ దిద్దాను.